మిద్దెమీది చూపు

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 3:7–21; 2 సమూయేలు 11, 12 అధ్యాయములు; లూకా 8:26–39



మన పల్లె సంఘముల బిడ్డలు అనేకులు ఈ దినములలో పట్నము చేరియున్నారు. హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారము ప్రాంతములలోని ఫ్యాక్టరీలలో కొందరు పనిచేయుచున్నారు. సైనిక్‌పురి, ఈసీఐఎల్ వైపున గదులు అద్దెకు తీసికొని కొందరు చదువుకొనుచున్నారు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురుందురు. రాత్రి భోజనమైన తరువాత దీపము ఆర్పివేసి, ఎవరి దుప్పటిలో వారు, ఎవరి ఫోను వెలుగులో వారు ఉందురు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, "ఆ ఫోనులో ఏమిట్రా చూస్తున్నావు?" అని తండ్రి అడిగినయెడల, "ఏదో దయ్యాల సినిమా నాన్నా, ఊరికే చూస్తున్నాను" అని జవాబు వచ్చును. ఈ "ఊరికే" అను మాటను గూర్చి ఈ నెల కొంచెము ఆలోచింతము.

దయ్యముల కథ అను పేరిట వచ్చు చిత్రములలో ఒక తెగ కలదు. వాటిలో భయము పైమూత మాత్రమే. లోపలనున్న సరుకు స్త్రీ శరీరము. వాటిని తక్కువ ఖర్చుతో తీయుదురు, పెద్దలకు మాత్రమే అని అమ్ముదురు, పిల్లలును చూతురు. వాటిని గూర్చి మన యౌవనులు అడుగు ప్రశ్న న్యాయమైనదే. "మేము ఎవరిని ముట్టలేదు, ఎవరికి కీడు చేయలేదు. కల్పించిన కథను చూచితిమి, అంతే. చూచుట మాత్రమే పాపమెట్లగును?" వేదిక మీదనుండి గద్దించినంతమాత్రమున ఈ ప్రశ్నకు జవాబు చెప్పినట్లు కాదు. దానిని లేఖనముల వెలుగులో పరిశీలింపవలెను.

మొదట ఈ చిత్రములు ఎందుకు ఇంత విరివిగా పుట్టుచున్నవో తెలిసికొందము. నాచారములో ఎన్.టి. రామారావు గారు 1970లలో స్టూడియో కట్టించిరి. పురాణ చిత్రమునకు అట్టి స్టూడియోయు, పెద్ద సెట్టింగులును, కిరీటములును, రథములును, పేరుగల నటులును కావలెను. దయ్యపు చిత్రమునకు ఇవేవియు అక్కరలేదు. ఒక ఇల్లు, ఇద్దరు ముగ్గురు నటులు, ఒక కెమెరా, కిర్రుమను తలుపు చాలును. సెట్టింగు లేని లోపమును చీకటి కప్పివేయును. తెరమీద ఎవరున్నను జనులు జడియుదురు. కావున చేతిలో తక్కువ సొమ్ముగలవారు భయమును ఆశ్రయించిరి. భయమొక్కటే టిక్కెట్టు కొనిపింపజాలదని తలచినవారు దానికి కామమును జోడించిరి. కామమునకును పేరుగల తార అక్కరలేదు గదా!

బొంబాయిలో రామ్సే కుటుంబమువారు ఈ దారిని ముందుగా వెడల్పు చేసిరి. తండ్రియు ఏడుగురు కుమారులును పనులు పంచుకొని, 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' మొదలుకొని 1984లో 'పురానా మందిర్' వరకును, ఆ తరువాతను, చిన్న ఖర్చుతో దయ్యపు చిత్రములు తీసిరి. స్మశానము, పాడుబడిన కోట, వాటి నడుమ స్నానపు దృశ్యము వారి వాడుక. తెలుగులో రామ్ గోపాల్ వర్మ గారు 1992లో 'రాత్రి' అను చిత్రముతో జనులను భయపెట్టిరి. దానికి శరీర ప్రదర్శన అక్కరలేకపోయెను. ఆయనయే 2014లో ఒకే ఇంటిలో, కొద్దిమందితో, 'ఐస్‌క్రీమ్' అను చిత్రము తీసిరి. దాని విడుదలకు ముందు కథను గూర్చిన మాటకంటె నటి వస్త్రములను గూర్చిన మాటయే ఎక్కువగా వినబడెను. 2020లో సినిమాహాళ్లు మూతపడియుండగా, జూన్ నెలలో ఆయన 'క్లైమాక్స్' అను చిత్రమును ఇంటర్నెట్టు ద్వారా ఒక్కసారి చూచుటకు 100 రూపాయలకు అమ్మిరి. ఎడారిలోనికి వెళ్లిన జంటకు ఎదురగు భయములు దాని కథ. పెద్దల చిత్రములలో నటించు ఒక విదేశీ యువతి దాని ఆకర్షణ. ఇరువదియెనిమిది సంవత్సరములలో చిత్రము హాలు విడిచి దుప్పటిలోనికి వచ్చినది. హాలులో ప్రక్క కుర్చీవాడు చూచునను సిగ్గు కొంతయైన ఉండెడిది. దుప్పటిలో అదియు లేదు.

ఇట్లనుటచేత భయము గొలుపు కథలన్నియు చెడ్డవని మేము చెప్పుట లేదు. భయంకరమైన సంగతులు మన బైబిలులోనే కలవు. ఏన్దోరులో సౌలు రాత్రివేళ కర్ణపిశాచముగల స్త్రీయొద్దకు వెళ్లిన సంగతి కలదు. న్యాయాధిపతుల గ్రంథము పందొమ్మిదవ అధ్యాయమును సంఘములో పైకి చదువుటకు మన అయ్యగార్లు సహితము వెనుదీయుదురు. గిబియాలో ఆ లేవీయుని ఉపపత్నికి జరిగినదానికంటె భయంకరమైనది ఏ సినిమాలోను లేదు. అయితే లేఖనము దానిని ఎట్లు చెప్పినదో గమనించుడి. ఆ రాత్రి జరిగిన దుష్టత్వమును ఒక్క మాటతో చెప్పి ముగించినది. మన కన్నులయెదుట నిలిపినదేమి? తెల్లవారినప్పుడు ఇంటి ద్వారమునొద్ద పడియున్న ఆ స్త్రీ. గడపమీద చాచియున్న ఆమె చేతులు. శరీరమును చూపలేదు, చేతులను చూపినది. ఆ చేతులు తలుపు తెరువుడని అడుగుచున్నట్లున్నవి. లోపల క్షేమముగా నిద్రించినవారెవరో మనకు తెలియును. అధ్యాయము చివర, దీనిని గూర్చి ఆలోచించి, యోచన చేసి, మాటలాడుడని జనులకు పిలుపు వచ్చును. ఆ కథ చదివినవాడు సంతోషించి లేవజాలడు. ఏదైన చేయవలెనని లేచును.

భేదమిక్కడనే యున్నది. చెడుగును చూపుట వేరు, చెడుగును రుచి చూపించుట వేరు. లోకపు న్యాయస్థానము సహితము ఇట్టి భేదము నెరిగినది. 1970లో కె.ఎ. అబ్బాస్ గారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు, చిత్రములను ముందుగా పరీక్షించుట న్యాయమేనని ఒప్పుకొనుచునే, కామ విషయము వచ్చినంతమాత్రమున అది అసభ్యము కాదనియు, దానిని చూపు విధమును బట్టి తీర్పు చేయవలెననియు చెప్పెను.

ఇప్పుడు భయమును కామమును ఎందుకు కలుపుచున్నారో చూతము. ఈ రెండును కలిసి మొదట కనబడిన చోటు ఏదేను తోట. ఆదాము దేవుని స్వరము విని భయపడెను. దిగంబరిగా ఉన్నందున దాగుకొనెను. భయమును నగ్నతయు అక్కడ పాపమునకు పుట్టిన కవల పిల్లలు. అప్పుడు దేవుడేమి చేసెను? ఆ నగ్నతను అందరికిని చూపలేదు. చర్మపు చొక్కాయిలు చేయించి వారికి తొడిగించెను. గద్దించిన దేవుడే బట్ట కప్పెను. ఈ చిత్రములు తీయువారు దీనికి ఎదురు చేయుచున్నారు. దేవుడు కప్పినదానిని విప్పుదురు. స్త్రీకి పుట్టిన భయమును చూచువానికి తియ్యదనముగా అమ్ముదురు. వట్టి శృంగార చిత్రములో ఇరువురి ఇష్టమైనను నటింతురు. ఇక్కడ ఆమె ఇష్టములేమియే రుచి. ఆమె పరుగెత్తుట, కేకవేయుట, తలుపు గడియ వేసికొనుట, వీటినుండియే చూచువాడు సుఖము పొందవలెనని ఏర్పాటు. ఈ కలయికలోని విషము ఇదియే.

పల్లెలోని మన అక్కచెల్లెండ్రకు ఈ భయము కథ కాదు. మరుగుదొడ్డి లేని ఇంటి స్త్రీ చీకటి పడిన తరువాత పొలము గట్టుకు పోవునప్పుడు ఆమె గుండెలోనుండు భయము అది. తడికల చాటున స్నానము చేయు ఆడబిడ్డ, తడిక సందులో ఏదో కదిలినదని ఉలికిపడు భయము అది. ఒక కుమారుడు పట్నములో ఫోనులో ఆ భయమును చూచి ఆనందించి, సంక్రాంతికి ఊరికి వచ్చి చెల్లెలికి కావలిగా ఎట్లు నిలుచును?

ఇక దావీదు సంగతికి వత్తము. రాజులు యుద్ధమునకు పోవు కాలమున దావీదు యెరూషలేములో నిలిచెను. సాయంకాలమున మిద్దెమీద నడుచుచు, స్నానము చేయుచున్న స్త్రీని చూచెను. చూచుట మాత్రమే. ఆమె తన్ను తాను చూపుకొన్నదని లేఖనము చెప్పలేదు. ఎత్తుననున్నవాడు, కనబడనివాడు చూచెను. ఆమె భర్తయగు ఊరియా ఎవరు? సైనికుడు. యుద్ధభూమినుండి పిలిపించినను, తోటి సైనికులు గుడారములలో ఉండగా నేను నా ఇంటికి పోజాలనని రాజనగరి వాకిట పండుకొన్నవాడు.

సైనిక్‌పురి అను పేరునకు అర్థము సైనికుల ఊరు. మాజీ సైనికుల నివాసమునకై ఏర్పడిన కాలనీ అది. సైనికునికి నేర్పు మొదటి పని చూచుట. చలిలో, చీకటిలో, తనవారు నిద్రించుచుండగా తాను మేల్కొని చూచుట. దావీదును చూచెను, కావలివాడును చూచును. ఇద్దరును చీకటిలో ఉన్నవారే, ఇద్దరును ఎదుటివారికి కనబడనివారే. ఒకడు కాపాడుటకు చూచును, మరియొకడు మ్రింగుటకు చూచును. కావున చూచుట మాత్రమే అను మాట లోకములో లేదు. ప్రతి చూపునకును ఒక పక్షము కలదు. స్త్రీని మోహపు చూపుతో చూచినవాడు హృదయములో అప్పుడే వ్యభిచరించెనని ప్రభువు మత్తయి ఐదవ అధ్యాయములో చెప్పినప్పుడు, కన్ను పడుటయే పాపమని ఆయన భావము కాదు. ఏ ఉద్దేశముతో చూచుచున్నావని ఆయన అడుగుచున్నాడు. యోబు తన కన్నులతో నిబంధన చేసికొనుటయు ఇందుకే.

2012లో రవిబాబు గారు తీసిన 'అవును' అను తక్కువ ఖర్చు చిత్రము ఈ సంగతికి దగ్గరగా వచ్చినది. కొత్తగా పెండ్లియైన జంట ఒక ఇంటిలోనికి వత్తురు. ఆ ఇంటిలో కనబడని ఆత్మ యొకటి ఆ యువతిని చూచుచు, వెంటాడుచు, ఆమెను ఆశించును. అది మిగిలిన వాటివలె శరీరమునే నమ్ముకొన్న చిత్రము కాదు. అయినను దాని యెదుట కూర్చున్నవాడు ఒక ప్రశ్న వేసికొనవలెను. ఆ ఇంటిలో ఆమెకు కనబడక, చీకటిలో ఉండి ఆమెను చూచుచున్నవారెవరు? దయ్యమొక్కటియేనా? టిక్కెట్టు కొన్న మనము కూడ కదా! ఆ దయ్యమునకును మనకును కుర్చీ యొకటే. దానిని చూచి సిగ్గుపడినవానికి ఆ కథ నాతాను ప్రవక్త చెప్పిన కథవంటిది. నాతాను వచ్చి బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. దావీదు ఆ దుర్మార్గునిమీద మండిపడెను. ఆ మనుష్యుడవు నీవేనని నాతాను చెప్పగా కథ అద్దమైనది. కాని అదే చిత్రమును చూచి లోలోపల ఆనందించి, చివర దయ్యము ఓడినప్పుడు చప్పట్లు కొట్టి లేచినవానికి అది మరియొక మిద్దెయే. కథ చివర చెడుగు ఓడినది గనుక నేను నీతిమంతుల పక్షమున ఉన్నానని వాడనుకొనును. రెండు గంటలు వాడు ఎవరి పక్షమున ఉండెను?

మరి కొందరు చెప్పు జవాబులు రెండున్నవి. మొదటిది: ప్రభుత్వమే పెద్దలకు మాత్రమని సర్టిఫికెటు ఇచ్చినది గదా! నిజమే. 1952 నాటి సినిమా చట్టము క్రింద అట్టి సర్టిఫికెటు ఇచ్చుచున్నారు. ఇంటర్నెట్టులో వచ్చు చిత్రములకు ఆ సర్టిఫికెటైనను అవసరము లేదు. 2021 నాటి నియమములనుబట్టి అమ్మువారే వయస్సు గుర్తు వేసికొందురు. మితిమీరినందున ప్రభుత్వము 2024 మార్చిలో 18, 2025 జూలైలో 25 ఇట్టి సంస్థలను మూయించెను. సర్టిఫికెటు ఎవరు చూడవచ్చునో చెప్పును. చూచిన తరువాత హృదయమేమగునో చెప్పదు. మరియొక చట్టమును కూడ మన యౌవనులు ఎరుగుట మంచిది. స్త్రీ ఏకాంతములో ఉండగా, ఆమెకు తెలియక పొంచి చూచుట, ఫోనులో పట్టుట, 2013లో మన దేశములో నేరముగా నిర్ణయింపబడెను. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను. మొదటి తప్పునకే ఒక సంవత్సరమునకు తగ్గక, మూడు సంవత్సరములవరకు ఖైదు. తడిక సందున నిలిచి చూచినవానికి, నేను ముట్టలేదను జవాబు చెల్లదని దేశపు చట్టమే చెప్పినది.

రెండవ జవాబు: ఆ నటి ఇష్టపడియే నటించినది, డబ్బు తీసికొన్నది, మనకేమి? ఏలూరు దగ్గర కొవ్వలి అను గ్రామమున 1960లో విజయలక్ష్మి అను బిడ్డ పుట్టెను. పేదరికముచేత చిన్నతనములోనే బడి మానెను. మద్రాసు వెళ్లెను. 1980లో ఒక తమిళ చిత్రములోని పాత్ర పేరు ఆమెకు అంటుకొని, ఆమె సిల్క్ స్మిత అయ్యెను. ఆమె చిత్రములు దయ్యపు చిత్రములు కావు. అయినను ఆమె నృత్యము లేక చిత్రము అమ్ముడుపోదనిన కాలము కలదు. 1996 సెప్టెంబరులో, ముప్పదియైదు ఏండ్ల ప్రాయమున, మద్రాసులోని తన ఇంటిలో ఆమె మరణించి కనబడెను. 2011లో ఆమె జీవితము ప్రేరణగా వచ్చినదని ప్రసిద్ధికెక్కిన 'ది డర్టీ పిక్చర్' చిత్రమునకు ఎంతో సొమ్ము వచ్చెను. అందు నటించిన నటికి జాతీయ బహుమానము వచ్చెను. కొవ్వలి బిడ్డకు మిగిలినదేమి? ఆమెను చూచినవారు లక్షలు. విజయలక్ష్మి అని పేరుపెట్టి పిలిచినవారెందరు? ఆమె మన ఊళ్లవంటి ఊరి బిడ్డ. ఆమె డబ్బు తీసికొన్నదని చెప్పి మనము చేతులు కడుగుకొనజాలము. పిలాతు కూడ చేతులు కడుగుకొనెను.

ఇక్కడ సంఘ పెద్దలకును ఒక మాట చెప్పవలెను. మన మధ్య ఒక వాడుక కలదు. తెరమీది స్త్రీని మనము చెడిపోయినదని ఒక్క మాటతో తీర్చివేయుదుము. ఆమెను చూచినవారిని వయసు పిల్లలని విడిచిపెట్టుదుము. నాతాను అట్లు చేయలేదు. అతడు బత్షెబయొద్దకు పోలేదు, చూచినవానియొద్దకు పోయెను. అతని కథలో ఆమె బీదవాని కౌగిట పండుకొను గొఱ్ఱెపిల్ల. ఇంకొకటి. పిల్లల ఫోనులను గద్దించు పెద్దలలో, ఊరి తీర్థములలో రికార్డింగు డ్యాన్సుల ముందు వరుసలో కూర్చున్నవారు లేకపోలేదు. ఫోను కొత్తది, మిద్దె పాతది. తండ్రి దిగని మిద్దెనుండి కుమారుని దిగుమనుట ఎట్లు?

అయితే చేయవలసినదేమి? ఫోను పగులగొట్టుటవలన కన్ను మారదు. తండ్రులు కుమారులతో ఈ సంగతి బహిరంగముగా మాటలాడవలెను. సిగ్గు అని మనము మానివేసినందుననే వారికి ఆ పాఠము దుప్పటిలో దొరకుచున్నది. నీవు చూచిన ఆమె నీకు ఏమగునని అడుగవలెను. పట్నము వెళ్లిన బిడ్డ పేరును అక్కడి సంఘమునకు వ్రాసి పంపవలెను. గదిలో ఒంటరియైనవాడు సంఘములో ఒంటరి కాకుండవలెను. ఒకే గదిలోని నలుగురు విశ్వాసులు దీపమార్పక ముందు ఒక అధ్యాయము చదివి ప్రార్థన చేసికొన్నయెడల, ఆ రాత్రి చీకటి వేరుగా ఉండును. ఇట్టి అలవాటులో చిక్కుకొని సిగ్గుతో ఒప్పుకొనినవానిని సంఘములో ఆడిపోసికొనక, అయ్యగారు ఏకాంతముగా కూర్చుండబెట్టుకొని ఓర్పుతో నడిపింపవలెను. ఒక్క దినములో విడువని అలవాటునకు ఒక్క ప్రసంగము చాలదు.

ఏలయనగా ప్రభువునకు ఇట్టి చోటు క్రొత్తది కాదు. గెరసేనీయుల దేశములో ఆయన ఓడ దిగినప్పుడు ఎదురుపడినవాడు దయ్యములు పట్టినవాడు. సమాధులలో ఉండెను, బట్టలు లేకయుండెను, ఊరివారికి భయకారణముగా ఉండెను. చీకటి చిత్రములు కోరునవన్నియు అక్కడ ఉన్నవి: స్మశానము, దయ్యము, నగ్నత, భయము. ఊరివారు వానిని గొలుసులతో బంధించి, దూరమునుండి చూచుచుండిరి. యేసు ఒక్కడే దగ్గరకు వచ్చి, వాని పేరు అడిగెను. కొంతసేపటికి జనులు వచ్చి చూడగా, వాడు బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై, ఆయన పాదములయొద్ద కూర్చుండియుండెను. తరువాత ప్రభువు వానిని తన ఇంటికి తిరిగి పంపెను.

ప్రియులారా, ఏదేనులో బట్ట తొడిగిన దేవుడును, ఈ దేశములో బట్ట కట్టించిన ప్రభువును ఒక్కడే. తెరమీద భయపడు ఆమెకు బట్ట కప్పవలెనని ఆయన కోరిక. దుప్పటిలో దాగి చూచువానిని పాదములయొద్ద కూర్చుండబెట్టి, స్వస్థచిత్తుని చేసి, ఇంటికి పంపవలెననియు ఆయన కోరిక. ఆయన చూచునప్పుడు మ్రింగుటకు చూడడు, కప్పుటకు చూచును. ఆ చూపును మన కన్నులకు అనుగ్రహింపుమని ఈ నెలయంతయు మన కుటుంబ ప్రార్థనలలో అడుగుదము. పట్నములోని మన బిడ్డలను పేరుపేరున ఆయనకు అప్పగింతము.